కొట్టం అదే, గబ్బిలాలు వేరు

మా పక్కింటి పెద్దాయన కొట్టంలో నుంచి పొద్దుగూకాక బయటికొచ్చే గబ్బిలాలను నేను పదేళ్ళుగా లెక్కపెడుతున్నాను. జూన్‌లో రెండు సాయంత్రాలు, జూలైలో రెండు సాయంత్రాలు. ఈ ఏడాది తెలిసినవాళ్ళింట్లో భోజనాల దగ్గర ఈ మాట వస్తే ఒకాయన, "గబ్బిలాలన్నీ ఏదో జబ్బుతో చచ్చిపోయాయన్నారు కదండీ, మా పెరట్లో సాయంత్రమైతే బోలెడు తిరుగుతున్నాయే" అన్నాడు. ఆయన చూసింది నిజమే. నేనూ కొన్నేళ్ళు అదే చూసి, అదే నమ్మాను. అందుకే ఇది రాస్తున్నాను.

మేముండేది పెన్సిల్వేనియా రాష్ట్రం నడిమధ్యన, రెండు పొడవాటి కొండల నడుమ ఒక లోయలో. నేలంతా సున్నపురాయి. నేను పుట్టింది బెలూం గుహలకు దగ్గర్లో ఒక పల్లె, అక్కడా సున్నపురాయే. నీళ్ళు రాయిని లోపల్లోపలే తొలిచేసిన చోట్ల గుహలుంటాయి, గుహలున్న చోట గబ్బిలాలుంటాయి. మా ఊరి పాత గుడి గోపురంలో కూడా ఉండేవి. చిన్నప్పుడు గోపురం కింద నిలబడి ఆ ఘాటు వాసనకు ముక్కు మూసుకుని పైకి చూడటం నాకిప్పటికీ గుర్తే. ఇంటికెవరైనా చెప్పాపెట్టకుండా చుట్టాలొస్తే మా అవ్వ, "గబ్బిలాయి ఇంటికి గబ్బిలాయి వస్తే, నువ్వూ వేలాడు నేనూ వేలాడతా" అనేది. ఆ మాట తర్వాత ఎన్నో సాయంత్రాలు నాకు గుర్తొచ్చింది.

2013 లో ఇల్లు కొన్నాం. పక్కన పెద్దాయన పొలం, ఆయన తాతగారు కట్టించిన చెక్క కొట్టం. పైన రేకు కప్పు. ఆవులు అప్పటికే లేవు, గడ్డి మోపులు మాత్రం ఉండేవి. మరుసటి ఏడాది జూన్‌లో ఒక సాయంత్రం ఆయన కుర్చీ వేసుకుని కొట్టం వైపే చూస్తూ కూర్చుని ఉంటే పలకరించాను. గబ్బిలాలు లెక్కపెడుతున్నానన్నాడు. రాష్ట్ర గేమ్ కమిషన్ (ఇక్కడి వన్యప్రాణుల శాఖ) వాళ్ళు 'అపలాచియన్ బ్యాట్ కౌంట్' అని ఒకటి నడుపుతారు. ఎవరింట్లో గబ్బిలాల గుంపు ఉంటే వాళ్ళే వేసవిలో లెక్కపెట్టి పంపుతారు. ఆయనకు చూపు మందగించింది. "నీ కళ్ళు బాగున్నాయా?" అని అడిగాడు. అలా మొదలైంది.

ఆ రాత్రి ఆయన వంటింటి సొరుగులోంచి ఒక నోటుబుక్కు తీసి చూపించాడు. విత్తనాల అంగడివాళ్ళు ఊరికే ఇచ్చే చిన్న పుస్తకం. వాన ఎంత పడింది, మొదటి గడ్డి కోత ఎప్పుడు, ఏ ఆవు ఏ రోజు ఈనింది, వాటి మధ్యలో గబ్బిలాల లెక్క. 2008 జూలైలో 612. 2009 లో 388. 2010 లో 71. 2011 లో 12. 2012 దగ్గర అంకె లేదు, పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత. ఆ గీత మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాడు. ఆ ఏడాది రెండు సాయంత్రాలు కూర్చున్నాడట, ఒక్కటీ బయటికి రాలేదట. సున్న వేయడానికి చేయి రాలేదన్నాడు.

అసలేం జరిగిందో ఆయనకు తెలుసు. నేను తర్వాత చదువుకున్నాను. 2006 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలో, ఆల్బనీ ఊరికి పడమరగా ఉన్న ఒక గుహలో, గుహలు చూడటానికి వెళ్ళిన ఒకాయన నిద్రలో ఉన్న గబ్బిలాలను ఫొటో తీశాడు. వాటి ముక్కుల మీద పిండి చల్లినట్టు తెల్లగా ఏదో ఉంది. మరుసటి శీతాకాలం అక్కడి అధికారులు వెళ్ళి చూస్తే గుహల్లో కుప్పలుగా చచ్చిపడి ఉన్నాయి. ముక్కు తెల్లబడటం చూసి 'వైట్ నోస్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. అది ఒక శిలీంధ్రం, మామూలు మాటలో చెప్పాలంటే బూజు. సూడోజిమ్నోఆస్కస్ డిస్ట్రక్టాన్స్ దాని శాస్త్రీయ నామం. యూరప్, ఆసియా గబ్బిలాల మీద అది ఉంటుంది, కానీ అక్కడివి ఇలా గుంపులు గుంపులుగా చావవు. అక్కడి నుంచి మనిషి బూట్లకో సామానుకో అంటుకుని ఈ ఖండానికి వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. మా రాష్ట్రంలో 2008-09 శీతాకాలంలో బయటపడింది. పెద్దాయన నోటుబుక్కులో లెక్క కిందికి జారడం సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

బూజు గబ్బిలాన్ని చంపే తీరు నెమ్మదైనది. ఈ చలిదేశపు గబ్బిలాలు శీతాకాలంలో తినడానికి పురుగులుండవు కాబట్టి గుహల్లో, పాడుబడ్డ గనుల్లో ఐదారు నెలలు నిద్రపోతాయి. ఒంటి వేడి గుహ చలికి దగ్గరగా దిగిపోతుంది. రెండు మూడు వారాలకోసారి కాసేపు మేలుకుని మళ్ళీ పడుకుంటాయి. ఎండాకాలం చివర్లో తిని ఒంట్లో దాచుకున్న కొవ్వే వసంతం దాకా బత్తెం. ఈ బూజుకు కావలసింది ఆ చలే. 20 డిగ్రీలు దాటితే అది పెరగలేదు, గుహ చల్లదనంలో నిద్రపోతున్న ఒళ్ళు దానికి అనువైన చోటు. రెక్కల చర్మంలోకి దిగుతుంది. గబ్బిలం మాటిమాటికీ మేలుకుంటుంది. మేలుకున్న ప్రతిసారీ కొవ్వు కరుగుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. ఫిబ్రవరిలో మంచు మీద, పట్టపగలు, ఆకలితో దాహంతో బయటికొచ్చి పడిపోతాయి. పెద్దాయన 2010 లో అలాంటివి పదకొండు తన ఇంటి మెట్ల దగ్గర ఏరి, నేల గడ్డకట్టి ఉన్నా గుంత తవ్వి పూడ్చాడు.

2012 నాటికే 57 లక్షల నుంచి 67 లక్షల దాకా గబ్బిలాలు పోయి ఉంటాయని ఈ దేశపు వన్యప్రాణి శాఖ లెక్క కట్టింది. అంత పెద్ద అంకె మనసుకు ఎక్కదు. నాకు ఎక్కింది 612 పక్కన 12.

మేమిద్దరం లెక్కపెట్టడం మొదలుపెట్టిన 2014 లో తొమ్మిది వచ్చాయి. 2015 లో ఆరు. 2016 లో పద్నాలుగు. 2017 లో ముప్పై ఒకటి. 2018 జూలైలో యాభై రెండు!

యాభై రెండో గబ్బిలం కప్పు అంచు నుంచి జారి మా తలల మీదుగా వెళ్ళినప్పుడు పెద్దాయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. నేను ఇంటికొచ్చి మా ఆవిడను, పాపను లేపి మరీ చెప్పాను. ఇండియాలో మా నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. గేమ్ కమిషన్‌కు పంపే కాగితంలో అంకె రాసి, కింద 'కోలుకుంటున్నాయి' అని ఒక మాట కూడా జతచేశాను.

వారం తర్వాత ఒక జీవశాస్త్రవేత్త దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. మర్యాదగా రెండే వాక్యాలు. ఇన్నేళ్ళుగా లెక్క పంపుతున్నందుకు కృతజ్ఞతలు. అవి ఏ జాతివో చూశారా?

చూడలేదు. గబ్బిలం అంటే గబ్బిలమే అనుకున్నాను.

ఆమె ఆ నెలాఖరున వచ్చింది. ముందు కొట్టం లోపల, రేకు కప్పు కింద నేల మీద పడ్డ పెంటికలు చూసింది. మాస్కు పెట్టుకోమని నాకూ ఒకటిచ్చింది, పాత పెంట దుమ్ములో ఊపిరితిత్తులకు పట్టే మరో బూజు ఉంటుంది. చేతి తొడుగు వేళ్ళ మధ్య ఒక పెంటిక నలిపి టార్చి కింద పెట్టింది. ఎలుక పెంటిక అయితే గట్టిగా ఉంటుంది, ఇది పొడిపొడి అయిపోయింది. ఆ పొడిలో ముదురు గోధుమరంగు పెంకు ముక్కలు, గాజు రజనులా మెరుస్తూ. పేడపురుగుల్లాంటి గట్టి రెక్కల పురుగుల తునకలు. "వీటిని కొరికి నమలాలంటే దవడ బలంగా ఉండాలి" అంది. నాకు అప్పుడే అనుమానం తగిలింది.

చీకటి పడ్డాక సన్నటి వల కట్టి మూడింటిని పట్టుకుంది. నేను వలకు దూరంగా నిలబడ్డాను, రేబిస్ టీకా వేయించుకున్నవాళ్ళే ముట్టుకోవాలి. తోలు తొడుగులో పిడికిట్లో పట్టుకుంటే తల మాత్రం బయటికి కనిపించింది. వెడల్పాటి మూతి, నల్లటి చెవులు, నోరు తెరిచి కరుస్తానన్నట్టు పళ్ళు చూపిస్తోంది. ముంజేతి ఎముకను కొలబద్దతో కొలిచింది. 47 మిల్లీమీటర్లు. తర్వాతిది 46. ఆ తర్వాతిది 48. ఇది బిగ్ బ్రౌన్, పెద్ద గోధుమరంగు గబ్బిలం. పెద్దాయన తాత కాలం నుంచీ ఈ కొట్టంలో గుంపుగా ఉన్నది లిటిల్ బ్రౌన్, చిన్న గోధుమరంగు గబ్బిలం. దాని ముంజేయి 38 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటుంది. బరువు మన రూపాయి బిళ్ళలు రెండు కలిపినంత. పెద్దది దానికి రెట్టింపు తూగుతుంది.

పెద్దాయన ఏమీ అనలేదు. కాసేపయ్యాక, పెద్దవి కొన్ని ఎప్పుడూ ఉండేవని, కొట్టానికి ఉత్తరం వైపు చివర్లో, చల్లటి మూలన ఉండేవని చెప్పాడు. మధ్యలో రేకు బాగా కాగే చోటంతా చిన్నవాటిదే. పిల్లల్ని పెంచడానికి తల్లులకు వేడి కావాలి. ఇప్పుడు ఆ వేడి చోట పెద్దవి ఉన్నాయి.

వెళ్తూ ఆమె నాకు ఒక చిన్న పెట్టె అరువిచ్చింది. అరచేతిలో పట్టే డిటెక్టర్, ముందు ఒక చక్రం. గబ్బిలాలు అరిచి, ఆ అరుపు పురుగుకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనితో దారి చూసుకుంటాయి. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాకే వింటుంది, వాటి అరుపులు అంతకు పైన. చక్రం ఏ అంకె దగ్గర పెడితే ఆ స్థాయి అరుపులను ఈ పెట్టె మనకు వినబడేలా మారుస్తుంది. పెద్దవి 25 నుంచి 30 మధ్య బాగా వినిపిస్తాయి. చిన్నవాటిది 40.

ఆ రాత్రి పెరట్లో ఒక్కణ్ణే నిలబడ్డాను. 28 దగ్గర పెడితే పెట్టె నిండా శబ్దం. తడి చెక్క మీద వేలితో కొట్టినట్టు టప్, టప్, టప్. పురుగును అందుకునే ముందు ఆ టప్పులు దగ్గరపడి దగ్గరపడి చివరికి సంచి జిప్పు లాగినట్టు 'జ్‌ర్ర్' మంటుంది. మూడు నాలుగు ఒకేసారి తిరుగుతున్నాయి. చక్రాన్ని నెమ్మదిగా 40 కి తిప్పాను. నిశ్శబ్దం. వర్షం చప్పుడులా సన్నటి సొద తప్ప ఏమీ లేదు. మళ్ళీ 28. మళ్ళీ సందడి. మళ్ళీ 40. ఇరవై నిమిషాలు అలా తిప్పుతూనే ఉన్నాను. పదేళ్ళ కిందటయితే ఇదే చోట 40 దగ్గర చెవులు గింగురుమనేవి. ఖాళీ అంటే ఏమిటో నాకు అంకెలలో కాకుండా చెవితో తెలిసింది ఆ రాత్రే.

ఆ తర్వాత ఊరుకోలేకపోయాను. మరుసటి వేసవి నుంచి కారు మీద మైకు పెట్టి రాత్రిపూట రికార్డు చేసే పనికి కూడా పేరిచ్చాను. 2015 లో మొదలైన ఉత్తర అమెరికా గబ్బిలాల పరిశీలన పథకం కింద ఇలాంటి దారులు ఉన్నాయి. పద్ధతి కచ్చితంగా ఉంటుంది. సూర్యాస్తమయం అయిన 45 నిమిషాలకు బయల్దేరాలి, గంటకు 32 కిలోమీటర్ల వేగం దాటకూడదు, ఆగకూడదు, వెనక్కి తిరగకూడదు, వాన పడుతుంటే మానేయాలి. ప్రతి ఏడాదీ అదే దారి. పక్క సీట్లో మా పాప, ఒళ్ళో టాబ్లెట్. చీకట్లో, ఎవరూ లేని పల్లె రోడ్డు మీద, కప్పు మీద కర్ర కట్టుకుని నత్తలా పోయే కారు ఎవరికైనా వింతగానే ఉంటుంది. మొదటి ఏడాదే పోలీసు బండి వెనకాల లైట్లు వేసింది. కాగితం చూపించి చెప్పాను. ఆయన టార్చి ఎత్తి మైకు చూసి, తన అమ్మమ్మ ఇంటి అటకలో చిన్నప్పుడు వందలు ఉండేవని, ఇప్పుడక్కడ ఏవీ లేవని చెప్పి, జాగ్రత్తగా వెళ్ళమన్నాడు. ఆ రాత్రి లెక్క మాత్రం పోయింది, ఆగాం కాబట్టి.

తెర మీద ఒక్కో అరుపు ఒక్కో గీతలా పడుతుంది. పాప నాకన్నా త్వరగా పట్టేసింది. కింద అడ్డంగా పడుకున్నట్టుండే గీతలు హోరీ గబ్బిలానివి, 20 దగ్గర. 28 దగ్గర వంగిన కొడవళ్ళు పెద్ద గోధుమరంగువి, వెండి వెంట్రుకల గబ్బిలానివి, ఆ రెండింటికీ తేడా చెప్పడం నిపుణులకే కష్టం. ఎత్తుపల్లాలుగా ఊగేవి ఎర్ర గబ్బిలానివి. పై నుంచి నిటారుగా 40 దాకా దిగే సన్నటి గీత కోసం ఇద్దరం కళ్ళు చించుకుని చూసేవాళ్ళం. నలభై కిలోమీటర్ల దారిలో ఒకటో రెండో. కొన్ని రాత్రులు అదీ లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సాఫ్ట్‌వేర్ ఏ గీతకైనా ఏదో ఒక జాతి పేరు అంటించేస్తుంది. ఒకసారి నాకు ఇండియానా గబ్బిలం అని చూపించింది, అది కేంద్ర ప్రభుత్వం అంతరించే జాతుల జాబితాలో పెట్టిన గబ్బిలం. నాకు నిద్ర పట్టలేదు. నిపుణులు ఆ గీతలు ఒక్కొక్కటే చూసి, ఎర్ర గబ్బిలం పొద దగ్గర తిరుగుతూ అరిచిన అరుపులని తేల్చారు. అందుకే రికార్డు చేసేవాళ్ళం మేమైనా, పేరు ఖాయం చేసేది వాళ్ళు.

ఈ రాత్రుల్లో నెమ్మదిగా నాకు బొమ్మ కట్టింది. పెన్సిల్వేనియాలో మామూలుగా ఉండే గబ్బిలాలు తొమ్మిది జాతులు. ఆరు గుహల్లో నిద్రపోయేవి, మూడు చెట్ల మీద ఉండి శీతాకాలం దక్షిణానికి వలసపోయేవి. హోరీ, ఎర్రది, వెండి వెంట్రుకలది ఆ మూడూ. గుహలో పడుకోవు కాబట్టి బూజు వాటిని చంపలేదు (గాలిమరలు చంపుతున్నాయి, అది వేరే దుఃఖం). గుహలో పడుకునే ఆరింటిలో కూడా దెబ్బ సమానంగా పడలేదు. చిన్న గోధుమరంగుది, పొడుగు చెవుల ఉత్తరాది గబ్బిలం, మూడు రంగుల గబ్బిలం, ఈ మూడూ బూజు తగిలిన ప్రాంతాల్లో నూటికి తొంభైకి పైగా పోయాయి. పెద్దది మాత్రం చాలావరకు తట్టుకుంది. ఒళ్ళు పెద్దది, కొవ్వు ఎక్కువ, తడి తక్కువగా ఉండే చల్లటి చోట్ల, ఒక్కోసారి ఇళ్ళ గోడల్లోనే శీతాకాలం గడిపేస్తుంది. కాబట్టి జబ్బు గబ్బిలాలను తగ్గించింది అంటే సగమే చెప్పినట్టు. ఎవరు మిగలాలో అది ఏరింది. ఒకప్పుడు ఈ లోయలో ఎక్కడ చూసినా కనిపించిన జాతి ఇప్పుడు వెతికితే దొరికేదయింది, రెండో వరసలో ఉన్నది ముందుకొచ్చింది.

న్యూయార్క్‌లో ఫోర్ట్ డ్రమ్ అనే సైనిక స్థావరంలో ఇదే సంగతి అంకెలతో కనిపించింది. అక్కడ జబ్బు రాకముందే, 2003 నుంచే, గబ్బిలాల అరుపులు రికార్డు చేస్తున్నారు. 2007-08 శీతాకాలంలో జబ్బు వచ్చింది. 2011 దాకా ఉన్న రికార్డులు పక్కపక్కన పెట్టి చూశారు. జాతులు ముందూ తొమ్మిదే, తర్వాతా తొమ్మిదే. జాబితా చూస్తే ఏమీ మారలేదు. కానీ చిన్నవాటి సందడి పడిపోయాక మిగతావి తమ వేళలూ చోట్లూ మార్చుకున్నాయి. ఒకప్పుడు చిన్నవి వేటాడే చోటికి, అవి తిరిగే వేళకి మిగతావి జరిగాయి. అంతకుముందు ఒకరి దారికి ఒకరు అడ్డం రాకుండా ఎవరి గంట వాళ్ళది, ఎవరి చెరువు వాళ్ళదిగా పంచుకున్నవే. అది చదివినప్పుడు నాకు మా కొట్టంలో ఉత్తరం మూల నుంచి వేడి రేకు కిందికి జరిగిన పెద్దవి కళ్ళకు కట్టాయి.

2020 ఫిబ్రవరిలో ఒకసారి ఆ జీవశాస్త్రవేత్త సామాను మోయడానికి మనిషి కావాలంటే గని లోపలికి కూడా వెళ్ళాను. పాత సున్నపురాయి గని. గబ్బిలాలను శీతాకాలంలో ఊరికే చూడటానికి పోకూడదు, ఒకసారి మేలుకుంటే వాటికి ఖర్చే. లెక్కకు కూడా ఏటా వెళ్ళరు, వెళ్ళినా మాట్లాడకుండా, త్వరగా. కొత్త సూట్లు వేసుకున్నాం. బయటికొచ్చాక హెల్మెట్లు, బూట్లు, టార్చిలు అన్నీ 55 డిగ్రీల నీళ్ళలో కాసేపు ముంచాలి. బూజు విత్తులు మన బట్టల మీద ఇంకో గుహకు పోకుండా.

లోపల గోడల మీద ఎత్తుగా నల్లటి మరకలు. తరతరాల గబ్బిలాలు వేలాడిన జిడ్డు మరకలవి. కొన్ని చోట్ల నా చేతులు చాచినంత వెడల్పు. అంత మరకలో ఒక్క గబ్బిలం వేలాడుతోంది. ఒంటి మీద మంచు బిందువులు, టార్చి పడితే వెండి పూసినట్టు. రెక్క అంచున అతినీలలోహిత దీపం ఒక్క క్షణం వేసి తీసేసింది ఆమె. నారింజ పసుపు రంగులో చిన్న చిన్న చుక్కలు వెలిగాయి. బూజు లోపలికి దిగిన చోట్లు. ఆ గబ్బిలం చేతికి ఒక లోహపు కడియం ఉంది, దాని మీద అంకె. అంతకు ముందు శీతాకాలాల్లో కూడా అదే గబ్బిలం అదే గనిలో దొరికిందని ఆమె పుస్తకంలో చూసి చెప్పింది. అంటే ఈ జబ్బుతోనే బతుకుతోంది. బతికినవాటిని గమనిస్తే చాలాచోట్ల శీతాకాలానికి ముందే మునుపటి కన్నా ఎక్కువ కొవ్వు పట్టించుకుని వస్తున్నాయని తేలింది. బూజు నెమ్మదిగా పెరిగే మరింత చల్లటి చోటుకు కొన్ని జరిగాయి కూడా. మేము ఆ గనిలో లెక్కపెట్టింది పంతొమ్మిది. వాటిలో చిన్నవి పదకొండు. ఒకప్పుడు ఇక్కడ వేలల్లో ఉండేవట.

మేము వెళ్ళొచ్చిన నెలకే కరోనాతో అన్నీ ఆగిపోయాయి. గబ్బిలాలను పట్టుకునే పనులన్నీ ఆపమన్నారు, మన నుంచి వాటికి ఆ వైరస్ అంటుతుందేమోనని. ఊరి నుంచి ఫోన్లు వచ్చేవి. "ఇంకా ఆ గబ్బిలాల దగ్గరికి పోతున్నావా, చంపించేయకూడదా ఆ కొట్టంలోవి" అని మా పిన్నమ్మ ఏడ్చినంత పని చేసింది. ఆమె భయం నాకర్థమైంది. ముట్టుకోవడం లేదు పిన్నీ, దూరంగా కూర్చుని లెక్కపెడతా అంతే, అని చెప్పాను. మాస్కు ఈసారి వాటి కోసం కూడా పెట్టుకున్నాను.

పురుగుల సంగతి చెప్పకుండా ముగించలేను. గబ్బిలాలు పోయిన కౌంటీలలో రైతులు పురుగుమందు వాడకం సుమారు 31 శాతం పెంచారని, అదే చోట్ల పసిపిల్లల మరణాలు దాదాపు 8 శాతం పెరిగాయని 2024 లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఇద్దరు పిల్లల తండ్రిగా ఆ పేజీ దగ్గర నాకు చేయి ఆగిపోయింది. మిగిలిన గబ్బిలాలు పోయినవాటి పని చేసేస్తాయిలే అనుకోవడానికి కూడా లేదు. చిన్నవి నీటి మీద తేలే సన్నటి దోమలూ ఈగలూ తింటాయి. పెద్దవి పొలాల మీద గట్టి పెంకు పురుగులు తింటాయి, మొక్కజొన్న వేళ్ళను తినే పురుగుల తల్లులను కూడా. పెద్దాయన పొలానికి ఇవి మేలే. కింద చెరువు మాత్రం ఇప్పటికీ ఖాళీ. సాయంత్రం నీళ్ళ మీద వంగి వంగి గీతలు గీసినట్టు ఎగిరేవట చిన్నవి. నేను అది ఎప్పుడూ చూడలేదు. నేను ఈ లోయకు వచ్చేసరికే అయిపోయింది.

తిరిగి నిండటానికి చాలా కాలం పడుతుంది. చిన్న గోధుమరంగు గబ్బిలం ముప్పై ఏళ్ళకు పైగా బతకగలదు, కానీ ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. ఎలుకలా ఈతకు పది పెట్టే జాతి కాదు.

ఇప్పుడు నా కాగితంలో రెండు గళ్ళు ఉన్నాయి, పెద్దవి, చిన్నవి. పక్కనే డిటెక్టర్ పెట్టుకుంటాను, పాప ఒక చక్రం దగ్గర, నేను కప్పు అంచు దగ్గర. ఎగిరే తీరు కూడా కొంచెం పట్టుబడింది. పెద్దవి బరువుగా, తిన్నగా పోతాయి. చిన్నవి గాలిలో తడబడినట్టు రెపరెపలాడతాయి.

ఈ ఏడాది మే నెలలో పెద్దాయన కొడుకు వచ్చాడు. కొట్టం కప్పు కారుతోంది, జూన్‌లో కొత్త రేకు వేయిద్దామన్నాడు, మేస్త్రీతో మాట కూడా అయిపోయింది. జూన్, జూలైలలో కప్పు తీస్తే లోపలున్న ఎగరలేని పిల్లలు చచ్చిపోతాయి. నేను వెళ్ళి చెప్పేలోపే పెద్దాయన సొరుగులోంచి నోటుబుక్కు తీసి కొడుకు ముందు పెట్టి ఉన్నాడు. పని అక్టోబరుకు మార్చారు. పాత రేకులో రెండు తునకలు మధ్యన, ఎండ బాగా పడే చోట అలాగే ఉంచుతామని, కింద సందు మూయబోమని మేస్త్రీ ఒప్పుకున్నాడు.

జూలైలో కూర్చున్నాం. ఆయనకు ఇప్పుడు తొంభై దగ్గర పడ్డాయి, కళ్ళు దాదాపు లేవు, చెవులు బాగున్నాయి. పాప డిటెక్టర్ ఆయన చేతికే ఇచ్చింది. 28 దగ్గర పెద్దవి వరసగా వెళ్ళిపోయాయి. అరవై ఏడు. చీకటి చిక్కబడింది, ఇక లేద్దామనుకున్నాం. ఆయన లేవలేదు. చక్రం బొటనవేలితో నెమ్మదిగా తిప్పి 40 దగ్గర ఆపాడు. సొద. ఒక నిమిషం సొద. తర్వాత పొడిగా, వడివడిగా, టిక్ టిక్ టిక్ టిక్. కప్పు అంచు నుంచి సన్నటిది ఒకటి రెపరెపలాడుతూ జారింది. దాని వెనకే ఇంకొకటి. మొత్తం నాలుగు.

ఆయన నోటుబుక్కు నా చేతికిచ్చాడు. తేదీ వేసి, 67 రాసి, పక్కన 4 రాశాను.